రెండు మూరల ఉయ్యాల

నా చిన్నప్పుడు మా ఇల్లు నిశ్శబ్దంగా ఉందంటే ఏదో తేడా వచ్చిందని అర్థం. ఎమ్మిగనూరులో మా వీధి పొడవునా మగ్గాలే. తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా ప్రతి ఇంట్లోంచీ టకటక, టకటక. కొత్తగా వచ్చిన చుట్టాలకు ఆ చప్పుడుకు తలనొప్పి వచ్చేది. మాకు మాత్రం అది ఆగితేనే గుండె ఉలిక్కిపడేది. పోగు తెగిందా, ఎవరికైనా బాగాలేదా, ఇంటికి ఎవరైనా వచ్చారా అని అందరం ముందు గదిలోకి తొంగిచూసేవాళ్ళం.

ఆ సంగతులు ఈమధ్య మళ్ళీ మళ్ళీ గుర్తొస్తున్నాయి. కారణం మా పాప. దానికిప్పుడు ఏడు నెలలు. మేముండేది ఆదోనిలో, ఒక మేడమీది ఇంట్లో. నేను కొంచెం భయస్తురాలిని. పాప తుమ్మితే ఎందుకు తుమ్మిందని ఫోనులో వెతుకుతాను, రెండు రోజులు తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదని వెతుకుతాను. మొన్న మా ఆయన కరెంటుతో ఊగే ఉయ్యాల తెప్పించాడు. దానికి మూడు వేగాలు, ఒక రిమోటు, పైగా పాట కూడా పాడుతుంది. పాప అందులో పడుకుని వీధంతా వినబడేలా ఏడ్చింది. మూడు వేగాలూ మార్చి చూశాను. ఏడుపు కూడా మూడు రకాలుగా మారింది గానీ ఆగలేదు. చెమటలు పట్టి, చేతిలో రిమోటుతో నిలబడి ఉండగా ఉన్నట్టుండి నాకు నవ్వొచ్చింది. ఇదే తప్పు పన్నెండేళ్ళ వయసులో ఒకసారి చేసి ఉన్నాను. అప్పుడు ఉయ్యాలలో ఉన్నది పాప కాదు, గుమ్మడికాయ.

మా మగ్గం గుంట మగ్గం. నేల మీద గుంట తవ్వి ఉంటుంది. దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి నేయాలి. గుంటలో రెండు తొక్కుడు చెక్కలు. కుడికాలు తొక్కితే నిలువు పోగుల్లో సగం పైకి లేస్తాయి, వాటి కిందుగా పడవలాంటి నాడె దారం మోసుకుంటూ ఇటు నుంచి అటు దూసుకుపోతుంది. ఎడమకాలు తొక్కితే మిగతా సగం లేస్తాయి, నాడె అటు నుంచి ఇటు వస్తుంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. మా జేజి, అంటే మా నాన్నమ్మ, పెళ్ళై ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆ చెక్కలు తొక్కుతూనే ఉంది. మాట్లాడుతున్నా, వక్క నములుతున్నా, ఎవరినైనా తిడుతున్నా ఆమె కాళ్ళ నడక మాత్రం మారేది కాదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా తమ్ముడికి అయిదు నెలలు. నా తర్వాత చాలా ఏళ్ళకు పుట్టినవాడు కాబట్టి ఇంట్లో వాడిది రాజ్యం. ఆ సంవత్సరం మా అమ్మకు కడుపునొప్పి వస్తే ఆదోని ఆస్పత్రిలో ఆపరేషన్ చేయాలన్నారు. నాన్న ఆమె దగ్గర ఉండిపోయాడు. ఇంట్లో మిగిలింది జేజి, నేను, పోతపాలు తాగుతున్న తమ్ముడు, ఇంకా మగ్గం మీద సగం నేసిన పెండ్లి పంచెలు. ఆదోనిలో ఒక పత్తి షావుకారు ఇంట్లో పెండ్లి. పెండ్లికొడుక్కి మా పంచెలే కావాలన్నారు. శుక్రవారం సాయంత్రానికి ఇస్తామని నాన్న మాట ఇచ్చి ఉన్నాడు. ఎవరికి జబ్బు చేసినా ముహూర్తం ఆగదు గదా. జేజి పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం వరకు లేచేది కాదు.

తమ్ముడు ఉయ్యాల ఊగినంతసేపే పడుకునేవాడు. ఆగిందంటే ఒక కన్ను తెరిచి, ఎవరు ఆపారో చూసి, అప్పుడు ఏడుపు మొదలుపెట్టేవాడు. అమ్మ చీరతో కట్టిన ఆ ఉయ్యాల పైన దూలం నుంచి వేలాడేది. అమ్మ ఉన్నప్పుడు ఒక చేత్తో దారం చుడుతూ రెండో చేత్తో ఊపేది. ఇప్పుడు ఆ పని నాది. సోమవారం బడి మానేశాను. మంగళవారం మానేశాను. బుధవారం కూడా.

మామూలుగా అయితే బడి మానడం నాకు పండగే. కానీ ఆ శనివారం ఆదోనిలో బడిపిల్లల సైన్సు ప్రదర్శన ఉంది. మా సైన్సు మేడం మా తరగతి నుంచి నన్ను ఎంపిక చేసింది. నా అంశం లఘులోలకం. ఒక దారం, దాని చివర ఒక రాయి, పక్కన రంగు పెన్నులతో రాసిన చార్టు. “దారం పొడవు పెరిగితే ఆవర్తన కాలం పెరుగును. గుండు బరువుపై ఆధారపడదు” అని గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. అందులో ఒక్క ముక్కా నాకు అర్థం కాలేదన్నది వేరే సంగతి. ఆవర్తన కాలం అంటే రాయి ఒకసారి అటు పోయి ఇటు వచ్చేందుకు పట్టే సమయం అని చార్టులో రాసింది కూడా నేనే. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నన్ను ఎంపిక చేశారేమో.

నిజం చెప్పాలంటే నాకు ప్రదర్శన మీద అంత మోజు లేదు. ప్రదర్శన అయిపోయాక అమ్మ ఉన్న ఆస్పత్రికి తీసుకుపోతానని మేడం మాటిచ్చింది. ఆ శనివారానికి అమ్మను చూసి ఆరు రోజులవుతుంది. నన్ను ఆదోనికి తీసుకుపోయేవాళ్ళు ఇంకెవరూ లేరు. శనివారం అంటే నాకు అమ్మే.

బుధవారం మధ్యాహ్నం పక్కింటి అక్క వచ్చింది. మా బడిలోనే పదో తరగతి చదివేది. గడప దగ్గరే నిలబడి, “మేడం సెప్పమన్నాది. రేపు, ఎల్లుండి నువ్వు బడికొచ్చి అందరి ముందర సెప్పి సూపియ్యాలంట. రాకుంటే నీ బదులు ఇంకో పాపను తీసుకుపోతాదంట” అంది.

“నేనెట్ల వస్తానక్కా? వీడు పండుకోడు గదా!”

“నాకేం తెలుసు. సెప్పమన్నాది, సెప్పినా.”

నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఆ కోపమంతా ఉయ్యాల మీద చూపించాను. అది నా వైపుకు వస్తుండగానే ఎదురుగా రెండు చేతులతో ఒక్క తోపు తోశాను. ఉయ్యాల అదిరి పక్కకు తిరిగింది. నా మణికట్టు కలుక్కుమంది. తమ్ముడు ఉలిక్కిపడి ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చాడు.

మగ్గం ఆగింది. జేజి గుంటలోంచి లేచి వస్తుంటే చెంప మీద ఒకటి పడుతుందని కళ్ళు మూసుకున్నాను. ఏమీ పడలేదు. తమ్ముణ్ణి భుజాన వేసుకుని, నా మణికట్టు పట్టుకుని రుద్దుతూ, “ఎదురొచ్చేదాన్ని తోస్తే నీకూ నొప్పి, వానికీ నొప్పి. వచ్చేది వచ్చి, తిరిగి పోయేటప్పుడు రవ్వంత తోస్తే సాలు, అదే పోతాది” అంది. కాసేపు మగ్గం వైపు, కాసేపు దూలం వైపు చూసింది. “నీ చెయ్యి బడికి పోవాల్నా? అయితే పోనీ. నా కాలుకు సెప్దాం ఈ పని. ఉయ్యాలను మగ్గానికి కట్టేద్దాం.”

నేను నోరు తెరిచాను. “మగ్గానికా!”

“ఆఁ, మగ్గానికే. మీ నాయన్ను నేనట్లనే పెంచినా. మీ అమ్మకు భయం, వద్దంటాది. ఆమె బిడ్డ, ఆమె ఇష్టం. ఈపొద్దు ఆమె లేదు, నేనుండాను, మగ్గముంది.”

దూలానికి కట్టిన తాడు బాగా పొడుగు కాబట్టి ఆ ఉయ్యాల నిదానంగా ఊగుతుందట, జేజి కాలు అంత నిదానంగా ఆడదట. కాబట్టి కిందుగా ఒక బొంగు అడ్డం కట్టి, దానికి ఉయ్యాల వేయాలి. “మగ్గం పక్క ఉయ్యాలకు రెండు మూరలే. బొంగు కాడ్నుంచి పిల్లోడు పండుకునే తావుకు రెండు మూరలు కొలిసి కట్టు. నేను వీనికి పాలు పట్టొస్తా” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత గంటసేపు నేను, పక్కింటి అక్క చేసిన హడావుడి ఇంతా అంతా కాదు. పెరట్లోంచి బొంగు తెచ్చాం. కిటికీ ఊచలకూ ఎదుటి గోడలోని కొయ్యకూ కదలకుండా బిగించాం. అమ్మ చీరను దూలం నుంచి విప్పాం. నేను మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా జాగ్రత్తగా కొలిచాను. ఒక మూర. మళ్ళీ ఒకటి. రెండు మూరలు. ముడి వేసి, దాని మీద ఇంకో ముడి వేశాను. ఆపైన ఒక పాత గుడ్డ పేలికను ఉయ్యాలకు కట్టి, గుంట అంచున ఉన్న మేకు మీదుగా కిందికి దించి, కుడికాలి చెక్కకు ముడివేశాను. కాలు దిగితే ఉయ్యాల జేజి వైపుకు వస్తుంది, కాలు లేస్తే పేలిక వదులై ఉయ్యాల వెనక్కి పోతుంది. చూడ్డానికి భలే ఉంది. నాకు అప్పుడే గెలిచేసినట్టనిపించింది.

జేజి వచ్చి అంతా ఒకసారి చూసింది. బొంగు నుంచి ఉయ్యాల వరకు కూడా చూసింది.  “పిల్లోన్ని ఇప్పుడే పెట్టొద్దు. మూలనున్న గుమ్మడికాయ పెట్టు” అంది.

గుమ్మడికాయను చీరలో పడుకోబెట్టాం. పక్కింటి అక్క దాన్ని జోకొడుతూ, “మీ తమ్మునికంటే ఇదే నయం, ఏడవదు” అంది. తమ్ముడు ఆమె చంకలోంచి తన రాజ్యంలో పడుకున్న గుమ్మడికాయ వంక మిటకరించి చూశాడు.

జేజి మగ్గం మొదలుపెట్టింది. కుడి, ఎడమ. టక, టక. మొదటి తొక్కుకు ఉయ్యాల కొద్దిగా కదిలింది. రెండోదానికి ఇంకొంచెం. మూడు, నాలుగు. ఎవరూ చెయ్యి పెట్టకుండానే పెద్దపెద్దగా ఊగుతోంది! నేను చప్పట్లు కొడుతూ గెంతాను. ఆ గెంతడం పూర్తికాలేదు. అయిదో ఊపుకో ఆరో ఊపుకో లెక్క తప్పింది. ఉయ్యాల అటువైపు పోతుండగా పేలిక ఇటు లాగింది. ఇటు వస్తుంటే వదులైంది. ఉయ్యాల గింజుకుంది, వణికింది, పక్కకు తిరిగింది. గుమ్మడికాయ జారి నేల మీద పడి రెండు చెక్కలైంది. ఆ అదురుకు తొక్కుడు చెక్క సగంలో ఆగి, నాడె దారి తప్పి, రెండు పోగులు తెగాయి.

ఇల్లంతా నిశ్శబ్దం. పెండ్లి పంచె. శుక్రవారం గడువు. అందులో నావల్ల తెగిన రెండు పోగులు.  జేజి తలెత్తకుండా, తొందరపడకుండా ఆ రెండు పోగులనూ వేళ్ళ కొసలతో పురిపెట్టి అతికింది. “తరిగే పని తప్పింది, రేపు పులుసు పెడదాం” అని మాత్రం అంది.

“కాయ బరువెక్కువైంది జేజీ. అందుకే అట్లయింది” అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“అట్లనా? అయితే తేలికది పెట్టి సూడు.”

పేలిక విప్పేసి, తేలికగా ఉండేలా నాలుగు నూలు చిలపలు పెట్టి ఊపాం. ఆ తర్వాత చిన్న మూటకు జొన్నలు పోసి పెట్టాం. ఇంకా బరువుగా ఉండాలని ఆ మూట పక్కనే దంచే రాతి గూటం కూడా పెట్టాం. నేను జేజి తొక్కులతో పోల్చి చూస్తున్నాను. నూలైనా, జొన్నలైనా, రాయైనా ఉయ్యాల నడక ఒక్కటే. వెంట్రుకవాసి తేడా లేదు. పోయి రావడానికి అంతే సమయం.

అప్పుడు నా నోట్లోంచి నేను పిలవకుండానే ఆ మాటలు వచ్చేశాయి. “గుండు బరువుపై ఆధారపడదు.”

పక్కింటి అక్క అర్థం కాక చూసింది.  ఇది నా చార్టు! ఆ బొంగు, ఈ చీర, ఆ జొన్నల మూట, అంతా కలిసి నా లఘులోలకం! వారం రోజులుగా ఒక దారానికి రాయి కట్టుకుని చిలకలా చెబుతున్నదాన్ని, మూడు రోజులుగా దాన్నే చేత్తో పట్టుకుని ఊపుతూ కూడా గుర్తుపట్టలేదు. నేను గుండ్రంగా రాసిన అక్షరాలు చార్టు మీంచి దిగి వచ్చి నా కళ్ళముందు ఊగుతున్నాయి.

“పొడవు! పొడవులో ఉండాది తప్పు! అక్కా, నువ్వు ఉయ్యాల లెక్కపెట్టు, నేను జేజి కుడికాలు లెక్కపెడతా” అని అరిచాను.

“మెల్లగ సెప్పవే, వీధి అవతలకు వినబడుతాంది” అంటూనే ఆమె కూడా కూర్చుంది. జేజి తన నడకలో తాను నేస్తోంది. ఉయ్యాల విడిగా తన నడకలో తాను ఊగుతోంది. జేజి కుడికాలు పదిసార్లు దిగేసరికి ఉయ్యాల పదకొండుసార్లు పోయి వచ్చింది. మళ్ళీ చూశాం. మళ్ళీ పదికి పదకొండు. అంటే ఉయ్యాల తొందరపడుతోంది. మొదట రెండూ కలిసి బయలుదేరతాయి, ప్రతి ఊపుకూ అది కొంచెం కొంచెం ముందుకు పోతుంది, నాలుగైదు ఊపులయ్యాక జేజి రమ్మన్నప్పుడు అది పోతుంటుంది. గుమ్మడికాయ పగిలింది అక్కడే.

నిదానించాలంటే తాడు పొడవు పెంచాలి. నాలుగు వేళ్ళు అడ్డం పెట్టి, బెత్తెడు కిందికి దించాం. జేజి పది తొక్కులకు ఉయ్యాల పది దాటింది గానీ పదకొండోది సగం కూడా కాలేదు.  ఇంకో బెత్తెడు దించాం. ఎనిమిది, తొమ్మిది, పది. పదో తొక్కు, పదో ఊపు. మళ్ళీ. పదికి పది. ఇరవైకి ఇరవై. జేజి కాలు, ఉయ్యాల, చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు కలిసి పోతున్నాయి. పేలిక మళ్ళీ ముడివేస్తే ఈసారి గింజుకోలేదు. జేజి కాలు కొసతో రవ్వంత లాగుతుంటే చాలు, జొన్నల మూట మహారాజులా ఊగింది. అంత చిన్న లాగుకు అంత పెద్ద ఊపు! తర్వాత కాలేజీలో దీన్ని అనునాదం అంటారని చదువుకున్నప్పుడు, ఆ పేరు పక్కన పుస్తకంలో బొమ్మ ఏదో ఉంది గానీ, నాకు జేజి కాలి బొటనవేలే కనబడింది.

“రెండు మూరల పైన రెండు బెత్తెలు జేజీ!” అన్నాను, కొత్త ఖండం కనిపెట్టినంత గర్వంగా. “నువ్వు సెప్పింది తక్కువ.”

జేజి మగ్గం ఆపి, ముసిముసిగా నవ్వుతూ, మోచెయ్యి తాను కూర్చున్న పలక మీద ఆనించి చెయ్యి చాపింది. “నీ చెయ్యి పెట్టు పక్కన.”

మోచేతికి మోచెయ్యి ఆనించి పెట్టాను. నా మధ్యవేలి కొస ఆమె వేళ్ళ మొదట్లోనే ఆగిపోయింది. సరిగ్గా బెత్తెడు తక్కువ. రెండు మూరలకు రెండు బెత్తెలు.

“రెండు మూరలంటే ఎవరి మూర అనుకున్నావే? తొక్కేది నువ్వా, నేనా?”

పక్కింటి అక్క పడీపడీ నవ్వింది. నాకు రోషం వచ్చింది. “అయితే ముందే సెప్పొచ్చు గదా! సూస్తా ఉంటివి గదా!”

“నాకు మా అత్త సెప్పినాదా? ఆమె నాకంటే పొడుగు. ఆమె మూరకు కట్టిన ఉయ్యాలలో మీ నాయన్ను పండబెట్టి మూడు దినాలు తొక్కినా. వాడు ఏడ్సె, నేను ఏడిస్తి. ఆమె మూలన కూర్చుని వక్క నమిలె. నాలుగో దినం నా చెయ్యి పట్టుకుని సూపిచ్చె. అప్పుడు తెలిసినాది గాబట్టే నాకింకా మతికుండాది.” నాడె చేతిలోకి తీసుకుంటూ అంది, “తొక్కేవాళ్ళ మూరే కొలత పాపా. పొడుగు మనిసికి పొడుగు కాళ్ళు, పొడుగు సేతులు, నిదానం నడక. పొట్టి మనిసిది ఇంకో నడక. ఎవరి కాలుకు వాళ్ళ చెయ్యే సరి.”

ఇది అన్ని కాళ్ళకూ, అన్ని చేతులకూ లెక్కకు సరిపోతుందో లేదో నేను చెప్పలేను. మా వీధిలో మాత్రం సరిపోయేది. నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తట్టని సంగతి ఇంకొకటి ఉంది. నేను కట్టిన ఉయ్యాలను చూసిన మొదటి చూపులోనే జేజికి పొడవు తక్కువని తెలుసు. తెలిసీ తొక్కింది. గడువు మీదున్న పంచెలో రెండు పోగులు తెగినా తెగనీ అనుకుంది, నేను దీన్ని సొంతంగా తెలుసుకోవడం కోసం. పోగు విలువ మా జేజి కంటే బాగా తెలిసినవాళ్ళు మా వీధిలో లేరు.

గురువారం పొద్దున తమ్ముణ్ణి పడుకోబెట్టాం. వాడు అలవాటుగా ఒక కన్ను తెరిచి ఎవరు ఊపుతున్నారో వెతికాడు. ఎవరూ లేరు. ఉయ్యాల మాత్రం ఊగుతోంది. కాసేపు ఆలోచించి, ఇందులో ఏడవడానికేమీ లేదనుకున్నాడేమో, పడుకున్నాడు. జేజి చేత్తో సైగ చేసింది, పో అని. నేను బడికి నడవలేదు, ఎగిరాను. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే ఇంటికి పరుగెత్తుకొచ్చాను. వీధి మొదట్లో నిలబడి, అన్ని మగ్గాల చప్పుళ్ళలోంచి మా మగ్గం చప్పుడును విడదీసి విన్నాను. టక, టక. ఆగలేదు. అంటే వాడు పడుకునే ఉన్నాడు. అక్కడి నుంచే మళ్ళీ వెనక్కి పరుగెత్తాను, అన్నం కూడా తినకుండా.

శుక్రవారం పొద్దుగూకక ముందే పంచెలు మగ్గం దిగాయి. షావుకారు మనిషి వచ్చి, మడతలు విప్పి చూసి, కళ్ళకద్దుకుని తీసుకుపోయాడు. అతికిన రెండు పోగులు ఎక్కడున్నాయో నాకు తెలుసు. అతనికి కనబడలేదు.

శనివారం బస్సులో ఆదోని పోతుంటే దారి పొడవునా ముళ్ళకంపలకు పత్తి పింజలు అంటుకుని ఉన్నాయి, లారీల మీంచి రాలినవి. నా ఒళ్ళో చార్టు చుట్ట, జేబులో దారం, రాయి. ప్రదర్శనలో నా ఎడమ పక్క పిల్ల అగ్నిపర్వతం తెచ్చింది, కుడి పక్క పిల్లాడు రాకెట్టు తెచ్చాడు. నా రాయి వైపు ఎవరూ చూడలేదు. చివరికి కళ్ళద్దాలు ముక్కు కొసకు దిగిన ఒక పెద్ద సారు వచ్చి, “రాయి బరువు పెంచితే ఏమవుతుందమ్మా?” అని అడిగాడు.

“ఏం కాదు సార్.”

“ఎట్లా తెలుసు? పుస్తకంలో ఉందా?”

“ఉంది సార్. కానీ మేము నూలు పెట్టి సూసినాం, జొన్నలు పెట్టి సూసినాం, రాతి గూటం పెట్టి సూసినాం. ఇప్పుడు మా తమ్మున్ని పెట్టినాం సార్.”

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. మేడం తల పట్టుకుంది. సారు మాత్రం నవ్వకుండా, అక్కడే గొంతుకూర్చుని, మొత్తం చెప్పమన్నాడు. నేను చార్టు మరిచిపోయి, మా భాషలో, చేతులు ఊపుతూ, గుమ్మడికాయతో సహా అంతా చెప్పాను. లేచేటప్పుడు ఆయన తన మోచేతి నుంచి వేలి కొస దాకా ఒకసారి చూసుకుని వెళ్ళాడు. బహుమతి రాకెట్టుకు వచ్చింది. దానికి మంట ఉంది మరి.

ఆస్పత్రిలో అమ్మ మంచం మీద చిన్నగా అయిపోయి కనబడింది. నన్ను చూడగానే కళ్ళనిండా నీళ్ళు. మొదటి మాట మాత్రం, “వాన్ని ఎవరు ఊపుతాండారే?”

“మగ్గం” అన్నాను.

అమ్మ లేవబోయి కడుపు పట్టుకుంది. “మగ్గానికి కట్టినాదా మీ జేజి! వద్దని ఎన్నిసార్లు...” నేను ఆగలేదు. మంచం పక్కన నిలబడి ఉయ్యాలలా ఊగుతూ, పదికి పదకొండు, పదికి పది, పగిలిన గుమ్మడికాయ, అంతా చెప్పాను. కోపంగా మొదలైన అమ్మ మొహం మధ్యలోనే ఓడిపోయింది. “నగించొద్దే, కుట్లు” అంటూ దిండు కడుపుకు అదుముకుని నవ్వింది. నాన్న గోడ వైపు తిరిగి నవ్వాడు. కాసేపటికి అమ్మ నా చెయ్యి తీసుకుని తన చేతి పక్కన పెట్టుకుంది. మోచేతికి మోచెయ్యి. వేళ్ళ కొసల వైపు చాలాసేపు చూసి, “నేను తొక్కితే నా మూర కట్టాల గదా?” అంది. ఇంటికొచ్చి, డాక్టరు సరేనన్న తర్వాత, మొదట ఆమె చేసిన పని అదే. ఆమె మూర జేజి మూర కంటే రెండు వేళ్ళు పొడుగు.

జేజి ఇప్పుడు లేదు. ఆమె మగ్గం మీద నాన్న నేస్తున్నాడు. తమ్ముడు నాకంటే జానెడు ఎత్తు పెరిగాడు, గుమ్మడికాయ కథ చెబితే ఒప్పుకోడు.

నా దగ్గర మగ్గం లేదు. ఫోను ఉంది. ఏ నెలలో పాప బోర్లా పడాలో, ఏ నెలలో కూర్చోవాలో, ఎన్ని గంటలు పడుకోవాలో అది రోజూ చెబుతుంది. ఎవరో ఎక్కడో, వాళ్ళ చేతితో కొలిచిన మూరలు అవి. వాటితో కొలిచి కొలిచి, ఎదురొచ్చే ఉయ్యాలను తోసినట్టు నేను మా పాపను తోస్తూ ఉన్నాను. నా మణికట్టు నొప్పి పెడుతోందని మొన్న ఆ రిమోటు పట్టుకున్నప్పుడే తెలిసింది.

కరెంటు ఉయ్యాల ప్లగ్గు తీసేశాను. కిటికీ ఊచలకు బొంగు కట్టించి, నా పెండ్లి నాటి నేత చీర వేసి, కిందికి రెండు మూరలు కొలిచాను. నా మూరలే. కొలుస్తుంటే గమనించాను, నా చెయ్యి ఇప్పుడు సరిగ్గా జేజి చెయ్యంత ఉంది. పాప మొదటి రోజు ఒక కన్ను తెరిచి చూసింది, వాళ్ళ మామ లాగే. ఇది రాస్తున్నంతసేపూ నా కుడికాలి బొటనవేలికి ఒక మెత్తటి పేలిక కట్టి ఉంది. ఉయ్యాల పోయేది పోయి, తిరిగి నా వైపుకు వచ్చేదాకా ఆగుతాను. అప్పుడు రవ్వంత లాగుతాను.

పదికి పది. ఇప్పుడే మళ్ళీ లెక్కపెట్టాను.